వెయ్యిన్నూట పదహారు

ఒక నంబరును నేను ఏళ్ళ తరబడి మోస్తున్నాను. పెళ్ళిళ్ళలో చదివింపుల దగ్గర మైకులో ఆ నంబరు వినబడితే చేతిలో ముద్ద నోటిదాకా రాదు. వెయ్యిన్నూట పదహారు. ఎవరింట శుభకార్యమైనా పలికే నంబరు అది. దాన్ని పెట్టుకుని నేనొక మనిషి బతుకు పాడుచేశాను. ఈ సంగతి ఇన్నాళ్ళూ ఇద్దరికే తెలుసు, చేసిన నాకూ, అనుభవించిన అతనికీ.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నానేమో. తెలిసినవాళ్ళతో చెప్పాలని నోరు తెరిచిన సందర్భాలు లేకపోలేదు. మా ఆవిడ దగ్గర ఓసారి మొదలుపెట్టాను. "ఏంటండీ?" అంది. మంచినీళ్ళు కావాలన్నాను. ఆవిడ తెచ్చిచ్చింది, తాగేశాను. అంతే.

నా పేరు చెప్పను. మాది ఘంటసాల దగ్గర ఒక పల్లె. పొలాలున్నాయి, ఊళ్ళో పేరుంది. గుడివాడ వైపు ఒక కాలేజీలో ఇంజనీరింగు చదివాను. ప్రభుదాసు నాకు అక్కడ దొరికాడు. వాళ్ళది బందరు. మచిలీపట్నం అని కాగితాల మీద రాస్తాం గానీ మా వైపు ఎవరూ అంత పొడుగు పేరు పలకరు. చర్చి వెనక వీధిలో చిన్న ఇల్లు, నాన్నగారు ఒక డాక్టరు దగ్గర కాంపౌండరు. మొదటి ఏడాది పూర్తికాకుండానే మేమిద్దరం బావా అంటే బావా అనుకునేవాళ్ళం. చుట్టరికం లేకపోయినా మా వైపు అలా పిలుచుకుంటారు. మా అమ్మని అతను "అత్తయ్యా" అని నోరారా పిలిచేవాడు. సెలవులకి మా ఇంటికొస్తే అమ్మ నా కంచంలోకి చూడకుండా అతనికి ఇంకో చేపముక్క వేసేది.

అక్కడ మొదలైందా నా కుళ్ళు? చేపముక్క దగ్గరా? ఇప్పుడు వెనక్కి తిరిగి చూసుకుంటే నవ్వొస్తుంది, కానీ అబద్ధం చెప్పను, ఆ ముక్క నాకు గుర్తుంది. పరీక్షల ముందు అతను నాకు పాఠం చెప్పేవాడు. నేను గట్టెక్కేవాణ్ణి, అతను ఫస్టొచ్చేవాడు. "నీ పుణ్యమే బావా" అని వాటేసుకునేవాణ్ణి. వాటేసుకున్న చేతులు నిజమైనవే. లోపల మండిన మంట కూడా నిజమైనదే. రెండూ ఒకే మనిషిలో ఎలా ఉంటాయని మీరడగొచ్చు. నన్ను నేను అడుగుతూనే ఉన్నాను.

చదువయ్యాక ఇద్దరం గుడివాడలోనే ఒక చిన్న ఇంటర్నెట్ కంపెనీలో చేరాం. రెండువేల సంవత్సరం దాటిన తొలి ఏళ్ళు. అప్పుడప్పుడే బ్యాంకులూ, మిల్లులూ, ఆసుపత్రులూ కంప్యూటర్లు కలుపుకుంటున్నాయి. మా ఎండీగారు మాకు దూరపు చుట్టం. ఇంటర్వ్యూలో నన్ను "ఎవరబ్బాయివి?" అని అడిగారు. తాతయ్య పేరు చెప్పాను. "ఓరినీ, మనవాడివేనా!" అన్నారు, కాఫీ తెప్పించారు, అయిపోయింది. ప్రభుని కూడా ఏ ఊరు, ఇంటిపేరేంటి, నాన్నగారేం చేస్తారు అని అడిగారు. కాఫీ రాలేదు. ఆ తర్వాత చాలాసేపు పని గురించి ప్రశ్నలు వేశారు, అతను ఒక్కదానికీ తడబడలేదు. బయటికొచ్చాక ఇద్దరికీ ఉద్యోగం వచ్చిందని గంతులేశాం. ఆ సాయంత్రం బస్సులో నాకు ఒక్కటే ఆలోచన. నన్నెందుకు ఒక్క ప్రశ్నా అడగలేదు? అడిగితే నేను చెప్పలేనని ఆయనకి తెలిసిపోయిందా? ఎదుటివాణ్ణి చెమటలు పట్టేలా ప్రశ్నలడిగితే అతన్ని చూసి అసూయపడ్డవాణ్ణి నేనొక్కణ్ణే అయ్యుంటాను.

మా పని గురించి నాలుగు మాటలు చెప్పాలి, లేకపోతే నేను చేసిందేంటో మీకు అర్థం కాదు. ఊరంతటికీ ఒకే తీగ వేస్తాం. దాని మీద బ్యాంకు లెక్కలు, ఆసుపత్రి రిపోర్టులు, మిల్లు బిల్లులు అన్నీ కలిసే ప్రయాణం చేస్తాయి. కానీ ఎవరివి వాళ్ళకే కనబడాలి. ఎవరికి వాళ్ళకి విడిగా తీగ వేసినట్టే ఉండాలి, వెయ్యకుండానే. అందుకని ఒక్కొక్కరికీ ఒక నంబరు ఇస్తాం. వాళ్ళ దగ్గర్నుంచి బయల్దేరిన ప్రతిదాని మీదా మెషీను ఆ నంబరు వేస్తుంది. అవతల అదే నంబరు ఉన్నచోట దింపేస్తుంది. మెషీనుకి మన పేర్లు అక్కర్లేదు, ఊళ్ళు అక్కర్లేదు, నంబరొక్కటే. పొరపాటున ఒకే నంబరు ఇద్దరికి పడిందా, ఇక ఆ ఇద్దరూ ఒకే ఇంట్లో కాపురం ఉన్నట్టే.

మా కంపెనీ బందరులో ఒక కేబుల్ నెట్‌వర్కునీ, దివిసీమలో అవనిగడ్డలో ఇంకోదాన్నీ కొన్నది. ఎవరికి వాళ్ళు నంబర్లు నూరుతోనే మొదలుపెట్టుకున్నారు. గుడివాడలో నూరంటే మిల్లు, బందరులో నూరంటే బ్యాంకు, అవనిగడ్డలో నూరంటే ఎరువుల కొట్టు. విడివిడిగా ఉన్నంతకాలం ఏ గొడవా లేదు. మూడు ఊళ్ళనీ కలుపుదాం అన్నారు ఎండీగారు. కలిపితే మూడు నూర్లూ ఒకటైపోతాయి. నంబర్లు ఎలా ఇవ్వాలో పద్ధతి చెప్పండి, ఎవరి పద్ధతి నచ్చితే వాళ్ళని మూడు ఊళ్ళకీ ఇన్‌చార్జిని చేస్తాను అన్నారు. ఆ మాట విన్న క్షణం నుంచి నేను ప్రభుని బావలా చూడలేదు.

నా పద్ధతి నాకు చాలా ముచ్చటగా అనిపించింది. నంబరులో మొదటి అంకె ఊరు. రెండోది రకం, అంటే బ్యాంకా, మిల్లా, ఆసుపత్రా అన్నది. తర్వాత వరస. చూడగానే ఎవరో తెలిసిపోవాలి. బోర్డు మీద రంగుల పెన్నులతో రాసి చూపించాను. ఎండీగారు తలూపారు. ప్రభు లేచి, ఎంతో నెమ్మదిగా, నా మనసు నొచ్చుకోకుండా చూస్తూ ఒకే ప్రశ్న వేశాడు.

"మిల్లువాళ్ళు రేపు బందరులో బ్రాంచి తెరిస్తే, వాళ్ళది ఏ ఊరి నంబరు బావా?"

ఇంకో నంబరిద్దాం అన్నాను. అప్పుడు రెండూ ఒకరివేనని మెషీనుకెలా తెలుస్తుందన్నాడు. నేను రంగుల పెన్నులకి మూతలు పెట్టుకున్నాను. అప్పుడు అతను తన పద్ధతి చెప్పాడు. ఊళ్ళో ఉన్న పాత నంబరు ఊళ్ళోనే ఉండనిద్దాం, ఎవర్నీ కదపొద్దు. ఊరి పొలిమేర దాటేటప్పుడు మాత్రం దాని మీద ఇంకో నంబరు వేద్దాం, అవతలి పొలిమేరలో తీసేద్దాం. ఆ పై నంబరు మూడు ఊళ్ళకీ ఒకటే. వెయ్యిన్నొకటి నుంచి వరసగా పోతుంది. ఒకరికిచ్చింది ఇంకొకరికి ఇవ్వకూడదు, వాళ్ళు కనెక్షన్ మానేసి వెళ్ళిపోయినా సరే. దానికి ఊరూ ఉండదు, రకమూ ఉండదు, ఏ అర్థమూ ఉండదు. మనుషులు గుర్తుపట్టడానికి పేరు వేరే పెట్టుకుందాం, పేరు ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. "నంబరు చూసి ఎవరి తాలూకో చెప్పేలా పెడితే, మనిషి కదిలిన రోజున ఆ నంబరు అబద్ధం చెబుతుందండీ" అన్నాడు ఎండీగారితో.

ఈ సంగతుల మీద పైదేశాల్లో పెద్ద పెద్ద సంఘాలు ప్రమాణాలు రాస్తుంటాయి. అవన్నీ ప్రభు ప్రింటు తీసుకుని బందరు బస్సులో చదివేవాడు. నెట్‌వర్కు నంబరులో దాన్ని ఇచ్చినవాళ్ళ గుర్తు ఉండాలా, ఉత్త వరస నంబరు చాలా అని వాళ్ళలోనే ఇంకా తేలలేదు బావా అని నాతో సంబరంగా చెప్పేవాడు. నేను కిటికీలోంచి బయటికి చూసేవాణ్ణి. చేను, కాలవ, చేను. వాడి సంతోషం చూడలేకపోయేవాణ్ణి.

ఎండీగారు అతని పద్ధతినే ఒప్పుకున్నారు. అందరి ముందూ భుజం తట్టారు. "గట్టివాడివయ్యా" అన్నారు. నాకు కడుపు మండిపోయింది. నేను చప్పట్లు కొట్టాను, అందరికంటే గట్టిగా.

ఎందుకంత మండింది? పదవి పోయిందనా? అదొక్కటే అయితే ఏదో సర్దుకునేవాణ్ణేమో. ఎవరి తాలూకు అన్నదాంట్లోనే నా బతుకంతా ఉంది. ఆఫీసులో కుర్చీ అలాగే వచ్చింది, ఊళ్ళో మర్యాద అలాగే వచ్చింది. అది తీసేస్తే నేను ఎంత అని ఎవరైనా అడిగితే నా దగ్గర చెప్పుకోవడానికేమీ లేదు. వాడు ఆ ప్రశ్నలోనే పుట్టి పెరిగాడు. అందుకే ఏ అర్థమూ లేని నంబరు వాడికి హాయిగా ఉంది, నాకు భయంగా ఉంది. ఇదంతా ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు తెలిసింది ఒక్కటే, వీడు కింద పడాలి.

మూడు ఊళ్ళూ కలిపే రోజుకి ఎండీగారు ముహూర్తం పెట్టించారు. ఆలోగా ప్రతి కస్టమరుకీ కొత్త నంబరు ఎక్కించాలి. నన్ను అవనిగడ్డ పంపారు, ప్రభు గుడివాడలో కూర్చున్నాడు. నంబర్లు ఇచ్చేది అతనొక్కడే. మేం ఫోను చేస్తాం, అతను నంబరు చెబుతాడు, మేం మెషీనులో పెడతాం. నోటిమాట మీదే అంతా. మనమీద మనకి నమ్మకం లేకపోతే ఎలా బావా అనేవాడు. కస్టమరు పెట్టె మీద పేరూ, నంబరూ ఉన్న చీటీ అంటించేవాళ్ళం. నంబరు బాలేదని కస్టమర్లెవరైనా ఫోన్లో గునిస్తే "పేరు మీ ఇష్టమండీ, నంబరు మా ఇష్టం" అని నవ్వించేవాడు.

అవనిగడ్డలో ఒక రొయ్యల మేత వ్యాపారి ఉండేవాడు. పెద్ద మనిషి, మాటకారి, మా నాన్నకి తెలిసినవాడు. నేను మావయ్యగారూ అనేవాణ్ణి. ఆయన పెట్టె మీద చీటీ అంటిస్తుంటే కళ్ళజోడు పైకెత్తి చదివాడు.

"పదకొండు వందల నలభై మూడా? అదేం నంబరు అల్లుడూ, పంటికింద రాయిలాగా! శుభమా అని కొత్త కనెక్షన్ తీసుకుంటుంటే చక్కగా వెయ్యిన్నూట పదహారు పెట్టకూడదూ?"

"నంబరు ఎవరికీ కనబడదు మావయ్యగారూ. మెషీను లోపలుంటుంది."

"దేవుడు మాత్రం కనబడుతున్నాడా? కొబ్బరికాయ కొట్టటం మానేశామా?"

నవ్వొచ్చింది. అడుగుతానుండండి అని ఫోన్ తీసుకుని వరండాలోకి వెళ్ళాను. ప్రభు ఫోనెత్తాడు. విషయం చెప్పాను.

"అమ్మో, వద్దు బావా" అన్నాడు. "అది బందరు ఆసుపత్రికి వెళ్ళిపోయింది, వరసలో. ఆయనకంత ముచ్చటగా ఉంటే పేరు పెట్టు, వెయ్యిన్నూట పదహారు అని పేరే పెట్టేసెయ్. నంబరు మాత్రం ముట్టుకోకు, ఏం? ముహూర్తం రోజున కొంపలంటుకుంటాయి." ఫోన్ పెట్టేయబోతూ, "ఆదివారం ఇంటికి రా, అమ్మ నీకోసం రొయ్యల ఇగురు చేస్తానంటోంది" అన్నాడు.

సరే అన్నాను. ఫోన్ జేబులో పెట్టుకున్నాను. ఆ వరండాలో ఎంతసేపు నిలబడ్డానో చెప్పలేను. ఎదురుగా మేత బస్తాలు దించుతున్నారు. పేరు పెట్టు అన్నాడు చూశారా, ఆ చిన్న చిక్కుని కూడా ఎంత తేలిగ్గా విప్పేశాడో, అది నన్ను కోసేసింది. నాకు తట్టలేదు. ఎప్పుడూ నాకు తట్టదు. ఆదివారం పిలిచాడు పైగా. వాడికి నామీద అసూయ లేదు, ఎందుకుండాలి, నా దగ్గరేముందని?

లోపలికి వెళ్ళాను. "మా ఇన్‌చార్జి సరేనన్నాడండీ" అన్నాను.

వెయ్యిన్నూట పదహారు పెట్టాను. కొత్త చీటీ అంటించాను. ఆయన పొంగిపోయి ఇంట్లోంచి బొబ్బట్లు తెప్పించాడు. తిన్నాను కూడా.

ఇక్కడే నన్ను నేను నిలదీసుకుంటాను. పెద్దాయన మాట కాదనలేక చేశానని చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. మొహమాటం అనుకున్నాను. ముహూర్తానికి ముందు మార్చేద్దాం అనుకున్నానని కూడా చెప్పుకున్నాను. అంతా బుకాయింపు. మార్చడానికి కావలసినంత సమయం ఉంది, ఒక్క నిమిషం పని. రోజూ గుర్తొచ్చేది, రోజూ ఊరుకునేవాణ్ణి. ఆదివారం వాళ్ళింటికి వెళ్ళి ఇగురు రెండోసారి వేయించుకుని తిన్నాను. వాళ్ళమ్మ విసనకర్రతో విసిరింది. అప్పుడైనా చెప్పలేదు. నేను తెలిసే చేశాను. పద్ధతి విరగాలి, విరిగితే వాడి పేరుతో విరగాలి. నాకు కావలసింది అదే.

ముహూర్తం రోజున గుడివాడ ఆఫీసులో మెషీన్లకి బొట్లు పెట్టారు. కొబ్బరికాయ కొడుతుంటే నీళ్ళు మెషీను మీద చిందకుండా ప్రభు తన చేతిరుమాలు అడ్డం పట్టాడు. అతను ఆ రోజు కొత్త చొక్కా వేసుకున్నాడు. ఎండీగారు మీట నొక్కారు. మూడు ఊళ్ళూ కలిశాయి. స్వీట్లు పంచుతుండగానే బందరు ఆసుపత్రి నుంచి ఫోనొచ్చింది.

ఓపీ కౌంటరు ఆగిపోయింది. పేషెంట్లు వరండా దాకా నిలబడ్డారు. ల్యాబ్‌లో రిపోర్టు ప్రింటు కొడితే కాగితం రావడం లేదు. కాగితం ఎక్కడికొచ్చిందో కాసేపటికి తెలిసింది. ఇద్దరికీ ఒకే నంబరు, పైగా రెండు ఆఫీసుల్లోనూ ప్రింటరుకి మెషీనులో ఇచ్చిన చిరునామా కూడా ఒకటే. ఆసుపత్రి రిపోర్టులు అవనిగడ్డ మేత కొట్లో బయటికొస్తున్నాయి. అక్కడి గుమాస్తా ఒక కాగితం తీసి పేరూ, ఊరూ, జబ్బూ నలుగురి ముందూ పైకి చదివాడట. ఆ ఊరి ఆవిడే. ఎవరికీ చెప్పుకోకుండా బందరు దాకా వెళ్ళి చూపించుకున్న మనిషి. ఆవిడెవరో నేను కనుక్కోలేదు. కనుక్కునే ధైర్యం నాకు ఇప్పటికీ లేదు. నేను కొట్టాలనుకున్న దెబ్బ ప్రభు ఒక్కడికే తగులుతుందనుకున్నాను. ఎంత గుడ్డివాణ్ణి!

మధ్యాహ్నానికి ఆసుపత్రి డాక్టరుగారు కారేసుకుని గుడివాడ వచ్చేశారు. "మా పేషెంట్ల కాగితాలు రొయ్యల కొట్లో ప్రింటవుతాయా? ఇదేనా మీ కంపెనీ?" అని బల్ల గుద్దారు. కేసు వేస్తానన్నారు. ఎండీగారు మా వైపు తిరిగారు. ఒకే నంబరు ఇద్దరికెలా ఇచ్చారని అడిగారు. నంబర్లు ఇచ్చేది ప్రభు ఒక్కడేనని అందరికీ తెలుసు. మేత వ్యాపారికి ఫోన్ చేశారు. ఆయన ఉన్నదే చెప్పాడు. "నేను అడిగానండీ, అబ్బాయి ఫోన్ చేసి కనుక్కుని, మీ ఇన్‌చార్జి సరేనన్నాడనే పెట్టాడు" అన్నాడు.

అందరూ ప్రభు వైపు చూశారు. ప్రభు నా వైపు చూశాడు. కోపంగా కాదు. లెక్క ఎక్కడో తప్పింది, ఇద్దరం కలిసి చూద్దాం అన్నట్టు, కాలేజీలో పుస్తకం మీదికి వంగినట్టు చూశాడు.

"బావా, ఆ రోజు ఫోన్లో నేను నీకేం చెప్పాను?"

గదిలో ఫ్యాను తిరుగుతోంది. అతని కొత్త చొక్కా జేబులో కొబ్బరినీళ్ళకి తడిసిన చేతిరుమాలు పైకి కనబడుతోంది. వద్దన్నావు అని నేను అంటే అయిపోయేది. ఒక్క మాట. నా ఉద్యోగం పోయేది, పోతే పోయేది, మా పొలాలు ఎక్కడికీ పోలేదు.

"గుర్తు లేదు బావా" అన్నాను. "సరేనన్నావనే అనుకుంటాను."

వాదిస్తాడనుకున్నాను, నన్ను తిడతాడనుకున్నాను. అతను నా ముఖంలోకి చూస్తూ ఉండిపోయాడు, అంతే. అప్పుడతనికి అర్థమైందని నాకు అర్థమైంది.

అతను గదిలోంచి వెళ్ళాక ఎండీగారు నా భుజం మీద చెయ్యి వేశారు. "నమ్మి నెత్తికెక్కించుకున్నాను చూడు. ఎంతైనా వాళ్ళు..." అని ఆగారు. ఆగిన చోట ఏముందో మా వైపు పుట్టినవాళ్ళకి చెప్పక్కర్లేదు. నేనా మాటను పూర్తిచేయలేదు, అడ్డమూ చెప్పలేదు. "ఎంతైనా మనవాడు మనవాడే" అన్నారు ఆయన. మూడు ఊళ్ళకీ నన్ను ఇన్‌చార్జిని చేశారు. ప్రభు మర్నాటి నుంచి రాలేదు. ఒకే నంబరు రెండుసార్లు ఇచ్చినవాడని పేరు పడింది. మా వైపు కంపెనీలు నాలుగే, అందరూ అందరికీ తెలిసినవాళ్ళే, ఎక్కడికెళ్ళినా ఆ మాటే ముందు వెళ్ళింది. అతను ఈ పనే మానేశాడని, బందరులో ఏదో బడిలో పిల్లలకి కంప్యూటరు చెబుతున్నాడని తర్వాత విన్నాను.

మరి పద్ధతి? దాన్ని నేను మార్చలేదండీ. మార్చడం నాకు రాదు. నేను చెప్పిన ఊరికో అంకె పద్ధతి నెల తిరక్కుండానే పడిపోయేదని నాకు బాగా తెలుసు. ప్రభు పద్ధతిలోనే, ప్రభు వరసలోనే నంబర్లు ఇస్తూ పోయాను. అది ఒక్కసారీ తప్పలేదు. మేం చదివిన కాలేజీ వాళ్ళు పిలిస్తే వెళ్ళి దాని గురించి మాట్లాడాను. ఎవరు కనిపెట్టారని ఒక కుర్రాడు అడిగితే "మేమే" అన్నాను. మేము అనే మాటలో అతన్ని కూడా కలిపానని సమాధానం చెప్పుకుంటూ ఇంటికొచ్చాను. సిగ్గు లేకపోతే సరి.

చాలా ఏళ్ళకి ప్రపంచం మొత్తానికీ కొత్త ప్రమాణాలు వచ్చాయి. పెద్ద పెద్ద కంప్యూటరు కేంద్రాల కోసం రాసినవి. నా కింద పనిచేసే అమ్మాయి తెచ్చి చూపించింది. ఊళ్ళో నంబరు ఊళ్ళోనే. పొలిమేర దాటేటప్పుడు పైన ఇంకో నంబరు. దానికి అర్థం ఏమీ ఉండదు, పేరు వేరు, నంబరు వేరు. "సార్, ఇది మనం ఎప్పట్నుంచో చేస్తున్నదేగా!" అని ఆ అమ్మాయి కళ్ళు మెరిశాయి. నేను ఆ కాగితాల ముందు కూర్చుని ఏడుపొస్తుందనుకున్నాను. రాలేదు. ఏమొచ్చిందో చెబితే మీరు నన్ను అసహ్యించుకుంటారు. మళ్ళీ కుళ్ళే వచ్చింది. అక్కడెక్కడో బడిలో చాక్‌పీసు పట్టుకుని కూర్చున్నవాడు, ఇది తెలియను కూడా తెలియనివాడు, అప్పుడూ నాకంటే ముందున్నాడు, ఇప్పుడూ ముందే ఉన్నాడు. అన్నీ లాక్కున్నాక కూడా వాడి దగ్గర ఏదో మిగిలిపోయింది. అది నాకు ఎప్పటికీ రాదు.

ఒకసారి గుడివాడ స్టేషన్లో కనబడ్డాడు. బందరు పాసింజరు కోసం నిలబడి ఉన్నాడు, చేతిలో గుడ్డసంచి, జుట్టు పలచబడింది. తప్పించుకుందామని వెనక్కి తిరగబోయాను. అతనే పలకరించాడు.

"బాగున్నారాండీ?"

మా వైపు అండీ అంటే మర్యాద. కొత్తవాళ్ళని అంటాం, పెద్దవాళ్ళని అంటాం, కొట్టువాణ్ణి కూడా అంటాం. ఆ మాట అంత దెబ్బ కొట్టగలదని అప్పటిదాకా నాకు తెలియదు.

"బాగున్నాను బావా" అన్నాను.

"అమ్మగారు బాగున్నారా?" అన్నాడు.

అత్తయ్య కాదు. అమ్మగారు. అమ్మ పోయి అప్పటికి కొంతకాలమైంది. చివర్లో మంచం మీద నుంచి "ప్రభు రావడం లేదేంట్రా?" అని అడిగేది. అది అతనికి చెప్పాలనుకున్నాను. బాగానే ఉందన్నాను. చూడండి, అప్పుడు కూడా అబద్ధమే. రైలొచ్చింది. వెళ్ళొస్తానండీ అని మర్యాదగా చెప్పి ఎక్కేశాడు.

అతనికి ఉత్తరం రాయొచ్చుగా అంటారేమో. వాళ్ళ వీధి నాకు తెలుసు, కళ్ళు మూసుకుని వెళ్ళగలను. వెళ్ళలేదు. వెళితే అతను ఫరవాలేదండీ అంటాడు, అది నాకు తెలుసు. అలా అని నన్ను గుమ్మంలోనే నిలబెట్టి, మంచినీళ్ళు ఇచ్చి పంపేస్తాడు. అది పడటం నా వల్ల కాదు. క్షమించమని అడగడానికి కూడా కొంత అర్హత ఉండాలి, నేను దాన్ని ఆ గదిలోనే వదిలేశాను.

కాబట్టి మీకు చెబుతున్నాను. మీరు నన్నేమీ అనక్కర్లేదు. మంచివాడివని అనొద్దు, పోనీలెమ్మని అసలే అనొద్దు. ఇన్నాళ్ళుగా ఒక ప్రశ్నకి నేను బాకీ పడ్డాను, ఆ జవాబు ఒక్కసారి నా నోటితో పైకి అనాలి. అదొక్కటే నాకు కావలసింది. అతను వినకపోయినా సరే, ఎవరో ఒకరు విన్నారంటే చాలు.

వద్దన్నావు. అది ఆసుపత్రిదన్నావు, ముట్టుకోవద్దన్నావు. ముచ్చటగా ఉంటే పేరు పెట్టమన్నావు. ఆదివారం ఇంటికి రమ్మన్నావు. ప్రతి మాటా గుర్తుంది బావా. ఆ రోజూ గుర్తుంది.